59 పిల్లల లెక్క

నెల్లూరు తీరంలో రొయ్యల రైతుకు రాత్రంతా ఒక ఎత్తు, తెల్లవారుజాము మూడు నుంచి ఆరు దాకా ఒక ఎత్తు. మైపాడు వైపో, ఇస్కపల్లి వైపో, కృష్ణపట్నం దారిలోనో ఆ వేళప్పుడు వెళ్తే గుంట గట్ల మీద టార్చిలైట్లు కదులుతుంటాయి. ఏరేటర్ల చక్రాలు నీళ్ళను చిలుకుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. రైతు గట్టు వెంట నడుస్తూ నీటి అంచుకు లైటు కొడతాడు. రొయ్య కళ్ళు ఆ వెలుతురుకు నిప్పురవ్వల్లా మెరుస్తాయి. అవి గుంటంతా చెదురుగా కనిపిస్తే నిశ్చింత. గట్టు పక్కకు చేరి, పైపైన తేలుతూ, మనిషి అలికిడికి కూడా కదలకుండా ఉంటే ఎక్కడో తేడా వచ్చిందని అర్థం.

ఆ తేడా చాలాసార్లు ఆక్సిజన్‌ది. గుంట నీటికి పచ్చటి రంగునిచ్చే సూక్ష్మమైన నాచు పగలంతా ఎండ తాగి ఆక్సిజన్ వదులుతుంది. పొద్దు గూకాక అదే నాచు, రొయ్యలు, అడుగున మట్టిలోని బాక్టీరియా అన్నీ కలిసి ఆ ఆక్సిజన్‌ను పీల్చుకుంటాయి. రాత్రంతా ఖర్చే గానీ రాబడి ఉండదు కాబట్టి తెల్లారే ముందు ఖజానా అడుగంటుతుంది. లీటరు నీటిలో కరిగిన ఆక్సిజన్ 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకోవాలి. అంతకన్నా దిగితే రొయ్య మేత మానేస్తుంది. ఇంకా దిగితే పైకి తేలుతుంది. అందుకే రైతు ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో మీటరు పట్టుకుని తిరుగుతాడు.

ముప్పై అయిదేళ్ళ కిందట ఈ గట్ల మీద మీటరు పట్టుకున్న చెయ్యి అరుదు. చెక్ ట్రే ఎత్తి ఎంత మేత మిగిలిందో చూసి మరుపూటకు మేత తగ్గించే అలవాటూ అంతంతమాత్రమే. గుంటలో వదలబోయే రొయ్యపిల్లలను ల్యాబుకు పంపి పరీక్ష చేయించాలంటే వింతగా చూసేవారు. ఇప్పుడు ఇవన్నీ రోజువారీ పనులయ్యాయి. ఈ మార్పు వెనక ఒకే ఏటి నీళ్ళు పంచుకున్న గుంటల కథ ఉంది.

బయటి సలహా నెల్లూరు సేద్యానికి కొత్తేమీ కాదు. నెల్లూరులో వరి పరిశోధన కేంద్రం 1937 నుంచే ఉంది. మొలగొలుకుల బియ్యం పేరు తెలియని తెలుగువాళ్ళు తక్కువ. వరిలో కొత్త వంగడం వచ్చిందంటే ముందు ఒక ఆసామి పెన్నా కాలవ కింద ఎకరంలో వేసి చూస్తాడు. బాగుంటే పక్కవాడు వేస్తాడు. పక్క చేనాయన పాత వంగడమే నమ్ముకున్నా నీ చేను చాలావరకు నీ కష్టం మీదే పండుతుంది. రొయ్యల గుంటలో ఆ వీలు లేదు. నువ్వు తోడుకునే నీళ్ళు నిన్న పొరుగు గుంటలోంచి వచ్చినవై ఉంటాయి. సలహా ఎంత మంచిదైనా ఏటి వెంట ఒక్కడే పాటిస్తే సగమే పని చేస్తుంది. ఈ సంగతి నెల్లూరుకు చాలా ఖరీదు మీద తెలిసింది.

1980ల చివర టైగర్ రొయ్యకు విదేశాల్లో గిరాకీ పెరిగింది. జపాన్, అమెరికా కొంటున్నాయి. మన తీరంలో హేచరీలు మొదలయ్యాయి. కండలేరు ఉప్పుటేరు వెంట, బకింగ్‌హాం కాలువ వెంట, ముత్తుకూరు నుంచి కోట, వాకాడు దాకా చవుడు నేలల్లో, కొన్నిచోట్ల వరి పండే పొలాల్లో కూడా గుంటలు తవ్వారు. నాలుగైదు నెలల్లో ఒక పంట. మొదటి రెండు మూడు పంటలు చేతికొచ్చినవాళ్ళు ఎన్నో ఏళ్ళ వరి ఆదాయాన్ని ఒక్క ఏడాదిలో కళ్ళచూశారు. ఆ రాబడిని చూసి డాక్టర్లు, లాయర్లు, కాంట్రాక్టర్లు కూడా లీజుకు దిగారు. అప్పట్లో నెల్లూరును రొయ్యల రాజధాని అని పిలిచేవారు.

ఇక్కడ సముద్రం గురించి ఒక మాట చెప్పాలి. గుజరాత్‌లో ఖంభాత్ సింధుశాఖ దగ్గర పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం తేడా 10 మీటర్లు దాటుతుంది. అక్కడ ఏరు రోజుకు రెండుసార్లు కడిగేసినట్టు శుభ్రపడుతుంది. నెల్లూరు తీరంలో ఆ తేడా మీటరుకు అటూ ఇటూ. పోటు వచ్చినప్పుడు సముద్రపు నీరు ఏట్లోకి కొంత దూరం వస్తుంది, పాటుతో కొంత వెనక్కి పోతుంది, మిగిలింది అక్కడే ఊగుతుంటుంది. పైగా ఏటి మొగ ఇసుకతో పూడితే ఆ కాస్త రాకపోకా తగ్గుతుంది. ఇలాంటి ఏటి ఒడ్డున వందల గుంటలు వచ్చాయి. అన్నీ అదే ఏట్లోంచి నీళ్ళు తోడాయి, అదే ఏట్లోకి వదిలాయి. తూము ఎత్తిన ప్రతి రైతూ తన గుంటలోని మురుగు సముద్రంలోకి పోతుందనే అనుకున్నాడు. అది మర్నాడు పొరుగువాడి పంపులోకి పోయింది.

1994లో తెల్లమచ్చ వచ్చింది.

తూర్పు ఆసియాలో చైనా, తైవాన్‌లలో 1992 ప్రాంతంలో ఈ రోగం మొదట కనపడింది. 1993లో జపాన్ రొయ్యల్లో తేలింది. ఆ మరుసటి ఏడాదికల్లా మన తూర్పు తీరానికి చేరింది. రొయ్య తల మీది పెంకు ఒలిచి వెలుతురుకు పట్టి చూస్తే సున్నపు చుక్కలు పెట్టినట్టు మచ్చలుంటాయి. అర మిల్లీమీటరు నుంచి మూడు మిల్లీమీటర్ల దాకా ఉండే ఆ చుక్కలు నిజంగానే పెంకులో అస్తవ్యస్తంగా పేరుకున్న కాల్షియం. మచ్చలు కనపడ్డాక మూడు రోజుల నుంచి పది రోజుల్లో గుంట మొత్తం ఖాళీ అయిపోయేది. ఉదయం బాగానే మేత తిన్న రొయ్య సాయంత్రానికి గట్టు దగ్గర తేలేది. ఆ పంట కోసం తెచ్చిన అప్పు మాత్రం తేలకుండా ఉండిపోయేది.

దీనికి కారణం ఒక వైరస్. దాని డీఎన్ఏ పొడవు సుమారు 3 లక్షల అక్షరాలు, అంటే వైరస్‌లలో బాగా పెద్దదే. రొయ్యల్లోనే కాదు, పీతల్లో, నీటిలో తేలే చిన్న చిన్న పెంకు ప్రాణుల్లో కూడా ఇది బతుకుతుంది. వాటిలో చాలావాటికి ఏ జబ్బూ చెయ్యదు, అవి మోసుకు తిరుగుతాయంతే. గట్టుకు బొక్క పెట్టుకుని ఒక గుంటలోంచి ఇంకో గుంటలోకి నడిచివెళ్ళే పీత ఈ వైరస్‌కు ఉచిత వాహనం. చచ్చిన రొయ్యను ముక్కున పట్టుకుని ఎగిరి పక్క గుంటలో జారవిడిచే కాకి ఇంకొకటి. మోయడానికి ఏ ప్రాణీ లేకపోయినా ఉప్పునీటిలో ఇది కొన్ని రోజులు బతికి ఉంటుంది.

మనిషికి టీకా వేస్తే ఒళ్ళు ఆ రోగాన్ని గుర్తు పెట్టుకుంటుంది. ఆ గుర్తుకు మూలమైన యాంటీబాడీలు రొయ్యకు లేవు. దాని రక్షణ అంతా పెంకు, రక్తకణాలు, పుట్టుకతో వచ్చిన కొన్ని రసాయనాలు. అందుకే కోడికి వేసినట్టు దీనికి టీకా వేసి ఊరుకోలేకపోతున్నారు. వైరస్ కాబట్టి యాంటీబయాటిక్ పని చెయ్యదు. అయినా ఆ రోజుల్లో యాంటీబయాటిక్‌లు సంచుల కొద్దీ గుంటల్లో పడ్డాయి. పంట పోతోందని పరుగెత్తిన రైతుకు మొదట ఎదురైన సలహాదారు మందుల దుకాణమే. ఒక సలహా ఇచ్చినందుకు ఆ సలహాదారుకే లాభం వస్తున్నప్పుడు వినేవాడు రెండుసార్లు ఆలోచించాలి. మునిగిపోతున్నవాడికి ఆ తీరిక ఎక్కడిది? ఆ యాంటీబయాటిక్‌ల ఫలితం కొన్నేళ్ళకు ఇంకో రూపంలో తిరిగొచ్చింది. 2000ల మొదట్లో యూరప్ రేవుల్లో రొయ్య కంటెయినర్లను పరీక్షిస్తే నిషేధించిన యాంటీబయాటిక్‌ల అవశేషాలు బయటపడ్డాయి. సరుకు వెనక్కి వచ్చింది.

మధ్యలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. తమిళనాడుకు చెందిన సర్వోదయ కార్యకర్త ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ సగీర్ అహ్మద్ తీరం దగ్గరి రొయ్యల గుంటలను 1997 మార్చి 31లోగా తొలగించాలన్నారు. నెల్లూరు జిల్లా కుర్రు గ్రామం పేరు ఆ తీర్పులో ఉంది. చుట్టూ గుంటలు వచ్చాక అక్కడి మత్స్యకారులకు తాగడానికి నీళ్ళు లేకుండా పోయాయి. ఇందులో శాస్త్రానికి తెలియనిదేమీ లేదు. తీరపు ఇసుకలో వాననీరు ఉప్పునీటి మీద మీగడలా తేలి ఉంటుంది. మత్స్యకారుల ఆడవాళ్ళు ఇసుక తిన్నెల్లో చలమ తవ్వి తోడుకునేది ఆ మీగడే. ఉప్పునీరు మంచినీటి కన్నా కొంచెమే బరువు. ఆ కొంచెం తేడా వల్ల సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరు ఉంటే కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా ఉప్పునీరు అణిగి ఉంటుంది. పైన మీటరు తోడేస్తే కింద 40 మీటర్లు పైకొస్తుంది. దీనికి తోడు గుంటల్లోంచి ఉప్పు ఊట. ఆ తీర్పు రైతులకు పిడుగులా తోచిన మాట నిజం. అయినా చలమ ఉప్పబడిన ఆడమనిషి వైపు ఆలోచిస్తే కోర్టు అడిగిన ప్రశ్న న్యాయమైనదే అని నా నమ్మకం. తీర్పు పూర్తిగా అమలు కాలేదు గానీ, దాని ఒత్తిడితోనే నియంత్రణ సంస్థ వచ్చింది, 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్, ఊళ్ళకూ గుంటలకూ మధ్య దూరం, పెద్ద ఫారాలకు మురుగునీటి శుద్ధి, యాంటీబయాటిక్‌ల మీద నిషేధం, ఇవన్నీ అందులోంచి పుట్టినవే.

అయితే చట్టం గుంటలోని రొయ్యను బతికించలేదు. అందుకు కావలసిన సలహా వేరే దారిలో వచ్చింది, వచ్చిన తీరు కూడా వేరు. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఎంపెడా, బ్యాంకాక్ కేంద్రంగా ఉన్న ఆసియా పసిఫిక్ ఆక్వాకల్చర్ కేంద్రాల సమాఖ్య నాకా కలిసి 2000-01లో నెల్లూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 365 గుంటలను ఎంచుకున్నాయి. వాళ్ళు మందు పట్టుకుని రాలేదు. ప్రశ్నలు పట్టుకుని వచ్చారు. ఎప్పుడు ఎండగట్టావు? అడుగు నల్లమట్టి తీశావా? నీళ్ళు వడగట్టావా, ఎంత సన్న వలతో? పిల్లలు ఎక్కడివి, ఎన్ని గంటలు ప్రయాణం చేశాయి? ఎప్పుడు వదిలావు? చుట్టుపక్కల ఎవరి గుంటయినా పోయిందా? పంట చివరి దాకా వెంట ఉండి, పోయిన గుంటలకూ పండిన గుంటలకూ తేడా ఎక్కడుందో లెక్క కట్టారు. కలరా వ్యాపించినప్పుడు ఏ బావి నీళ్ళు తాగారో ఇంటింటికీ తిరిగి అడిగే పద్ధతే ఇది.

తేలిన సంగతుల్లో చాలావరకు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. పంట పంటకూ మధ్య గుంట ఎండగట్టి అడుగు నల్లమట్టి తీసెయ్యాలి. ఆ నలుపు ఎక్కడిదంటే, తినకుండా మిగిలిన మేత, రొయ్యల మలం గాలి ఆడని చోట కుళ్ళుతుంటే సముద్రపు నీటిలోని సల్ఫేటును బాక్టీరియా సల్ఫైడుగా మారుస్తుంది. అది మట్టిలోని ఇనుముతో కలిసి నల్లబడుతుంది. చేత్తో పిడికెడు తీసి వాసన చూస్తే కుళ్ళిన గుడ్డు కంపు. ఎప్పుడూ అడుగున తిరిగే రొయ్యకు అది విషం. గుంటలోకి తోడే నీటిని 300 మైక్రాన్ల, అంటే మిల్లీమీటరులో మూడో వంతు కన్నా సన్నటి కన్నాలున్న జంట వలసంచుల్లోంచి పంపాలి. పీతపిల్లలు, చేపగుడ్లు ఆగిపోతాయి. అలా పట్టిన నీటిని పది పదిహేను రోజులు ఉంచి, రంగు తిరిగాక పిల్లలు వదలాలి. గుంటలో నీళ్ళు తక్కువ లోతున్న చోట కూడా 80 సెంటీమీటర్లకు తగ్గకూడదు. పిల్లలు హేచరీ నుంచి ఆరు గంటల్లోపు గుంటకు చేరాలి.

వీటన్నిటిలోకీ నాకు బాగా నచ్చింది 59 అనే అంకె. రైతుకు సైన్సును ఎలా చెప్పాలో ఆ ఒక్క అంకెలో ఉంది.

టైగర్ రొయ్యపిల్లలు ఎకరా గుంటకు పాతిక ముప్పై వేలు వదిలేవారు. హేచరీ ట్యాంకులో లక్షలుంటాయి. వాటిలో వైరస్ ఉందా లేదా తెలుసుకోవడానికి పీసీఆర్ పరీక్ష ఉంది. క్యారీ మల్లిస్ 1983లో ఆలోచించి, 1993లో నోబెల్ బహుమతి పొందిన పద్ధతి ఇది. వైరస్ డీఎన్ఏలో చిన్న ముక్కను ఎంచుకుని దాన్ని రెట్టింపు చేస్తారు, మళ్ళీ రెట్టింపు, మళ్ళీ రెట్టింపు. ముప్పైసార్లు రెట్టింపైతే ఒక్క ముక్క 107 కోట్లు దాటుతుంది. లేనట్టుగా ఉన్నదాన్ని కంటికి కనపడేటంత చెయ్యడమన్నమాట. కానీ పరీక్ష చేస్తే పిల్ల చస్తుంది. ముప్పై వేలనూ పరీక్షించలేం. మరి ఎన్ని తీస్తే నమ్మొచ్చు?

వేరుశనగ గోతం ముందు కూర్చున్నారనుకోండి. అందులో నూటికి అయిదు గింజలు పుచ్చినవి. కళ్ళు మూసుకుని ఒక గింజ తీస్తే అది మంచిది కావడానికి నూటికి 95 పాళ్ళు అవకాశం. రెండు తీస్తే రెండూ మంచివి కావడానికి 95లో మళ్ళీ నూటికి 95 పాళ్ళు, అంటే సుమారు 90 పాళ్ళు. పది తీసేసరికి పదీ మంచివే వచ్చే అవకాశం 60కి పడుతుంది. ఇలా గింజ గింజకూ తగ్గుతూ పోయి, 59వ గింజ దగ్గర ఆ అవకాశం నూటికి అయిదు పాళ్ళ కన్నా కొంచెం కిందికి దిగుతుంది. 58 దగ్గర ఇంకా అయిదు మీదే ఉంటుంది. అందుకే 59. ట్యాంకులో అక్కడక్కడా పట్టిన 59 పిల్లలను కలిపి నూరి ఒకే పరీక్ష చేస్తారు. అందులో వైరస్ కనపడలేదంటే, ట్యాంకులో రోగపు పిల్లలు నూటికి అయిదు కన్నా తక్కువే ఉన్నాయని 95 పాళ్ళు నమ్మకంతో చెప్పొచ్చు.

దీని అర్థాన్ని గట్టిగా పట్టుకోవాలి. పరీక్షలో నెగటివ్ వచ్చిన పిల్లల్లో కూడా రోగపు పిల్లలు ఉండొచ్చు. ముప్పై వేలలో నూటికి నాలుగు అంటే 1,200. మొదట్లో ఎంతోమంది రైతులు ఇక్కడే విసిగిపోయారు. "టెస్టు చేయించినా పోయింది గదన్నా, ఇంకేం టెస్టు?" అన్నారు. ఆ కోపంలో న్యాయం ఉంది, ఎందుకంటే ల్యాబు కాగితాన్ని హామీపత్రంలా అమ్మినవాళ్ళు ఉన్నారు. పరీక్ష నష్టం అవకాశాన్ని తగ్గిస్తుంది, తీసెయ్యదు. మట్టి శుభ్రం ఇంకొంచెం తగ్గిస్తుంది. వడకట్టిన నీళ్ళు ఇంకొంచెం. కట్ట చుట్టూ కట్టిన పీతల వల, గుంట మీద కట్టిన పక్షుల తాళ్ళు ఇంకొంచెం. అన్నీ కలిస్తే పంట నిలిచే పాళ్ళు పెరుగుతాయి. ఈశాన్య రుతుపవనాల మీద బతికే నెల్లూరు రైతుకు ఇలాంటి లెక్క కొత్త కాదు. కార్తికంలో వాన పడుతుందని ఎవరూ హామీ ఇవ్వరు, అయినా నారు పోస్తాడు. అవకాశాల భాషలో నిజాయితీగా చెబితే అర్థం చేసుకోవడానికి అతడికి చదువు అడ్డం కాదు. అబద్ధపు హామీయే అడ్డమైంది.

ఆ అధ్యయనంలో తేలినవాటిని 2002 నుంచి పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరులో ఊరి స్థాయిలో పెట్టి చూశారు. మొదట ముందుకొచ్చినవాళ్ళు కొద్దిమందే. వాళ్ళ గుంటలు నిలబడ్డం చూసి మిగతావాళ్ళు కదిలారు. ఒకే కాలవ నీళ్ళు వాడుకునే రైతులు ఒక ఆక్వా క్లబ్బుగా ఏర్పడ్డారు. ఈ క్లబ్బుల పద్ధతే విస్తరించి 2007లో జాతీయ సుస్థిర ఆక్వాకల్చర్ కేంద్రం, నాక్సా, పుట్టింది. నెల్లూరు తీరపు ఊళ్ళలోనూ క్లబ్బులు వచ్చాయి.

క్లబ్బు ఏం చేస్తుందో చూస్తే బయటి సలహా ఊరి సొంతం ఎలా అవుతుందో అర్థమవుతుంది. రైతులంతా కలిసి హేచరీకి ముందే చెబుతారు: మాకు ఫలానా వారానికి ఇన్ని లక్షల పిల్లలు కావాలి, పరీక్షలో నిలిచిన తల్లిరొయ్యల పిల్లలే కావాలి అని. ఒక్కడు అడిగితే హేచరీ వినదు, నలభై మంది అడిగితే వింటుంది. అంతా దాదాపు ఒకే వారంలో పిల్లలు వదులుతారు. ఫిబ్రవరిలో, చలి తగ్గాక. దీని వెనకా శాస్త్రముంది. నీటి వేడి 32, 33 డిగ్రీలకు చేరితే రొయ్య ఒంట్లో ఈ వైరస్ పెరుగుదల మందగిస్తుంది. చల్లటి రోజుల్లో, వేడి పదే పదే మారే రోజుల్లో విజృంభిస్తుంది. అందుకే చలికాలపు పంటలో తెల్లమచ్చ ఎక్కువ. పైగా అందరి పంటా ఒకే వయసులో ఉంటే, ఒకడు పట్టుబడి చేసి మురుగు వదిలే సమయానికి ఇంకొకడి గుంటలో లేతపిల్లలు ఉండవు.

అన్నిటికన్నా కష్టమైన నియమం ఇంకొకటి. గుంటలో తెల్లమచ్చ వస్తే తూము ఎత్తకూడదు. మనసు మాత్రం తూము ఎత్తమనే చెబుతుంది. ఉన్న రొయ్యనైనా పట్టి, నీళ్ళు ఏట్లోకి వదిలి, ఎండగట్టి, మళ్ళీ మొదలెడదామనిపిస్తుంది. పైగా సంగతి బయటికి పొక్కితే కొనేవాడు ధర తగ్గిస్తాడు, అప్పిచ్చినవాడు ఇంటికొస్తాడు. కాబట్టి రాత్రికి రాత్రి గుట్టుగా పని కానివ్వడం పాత అలవాటు. కొత్త అలవాటు ప్రకారం తూము బిగించి, నీళ్ళలో బ్లీచింగ్ కలిపి, వైరస్ చచ్చేదాకా గుంటలోనే ఉంచాలి. పక్కవాళ్ళకు కబురు చెయ్యాలి. "ఏందన్నా, నీ గుంటలో రొయ్య గట్టు దగ్గరికొస్తా ఉండాదంట?" అని అడిగినప్పుడు అవునని చెప్పాలి. ఈ అవును అనడం నేర్పడానికి ఏ యంత్రమూ లేదు. తన నష్టాన్ని నలుగురిలో ఒప్పుకున్న రైతుకు ఆ నలుగురూ తర్వాతి పంటకు తోడు నిలబడితేనే అది సాగుతుంది. వీలైన క్లబ్బుల్లో నిలబడ్డారు. అన్ని చోట్లా జరగలేదు.

2009లో వనామి వచ్చింది. మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరపు రొయ్య ఇది. ప్రభుత్వం రోగ ప్రమాదాల మీద అధ్యయనం చేయించాకే దిగుమతికి ఒప్పుకుంది. తల్లిరొయ్యలు చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షల్లో నిలిచాకే హేచరీలకు వెళ్తాయి. టైగర్‌తో దెబ్బ తిని గుంటలు బీడు పెట్టిన నెల్లూరు రైతు కొద్ది సంవత్సరాల్లోనే దీనికి మారిపోయాడు. టైగర్ ఎక్కువగా అడుగున మెసులుతుంది, వనామి నీటి లోతంతా వాడుకుంటుంది కాబట్టి ఒకే గుంటలో ఎన్నో రెట్లు వదలొచ్చు. చదరపు మీటరుకు 60కి మించకూడదని అథారిటీ హద్దు పెట్టింది. ఎకరాకు లెక్కేస్తే అది 2.4 లక్షలు.

ఇక్కడొక మాట తేడా చాలామందిని ముంచింది. వనామి తల్లులను ఎస్పీఎఫ్ అంటారు, నిర్దిష్ట రోగకారకాలు లేనివి అని అర్థం. రోగం లేనిది వేరు, రోగం రానిది వేరు. ఆసుపత్రిలో పుట్టిన పసిబిడ్డ ఒంట్లో ఏ క్రిమీ లేకపోవచ్చు, అంతమాత్రాన వీధిలో తిప్పితే జలుబు చెయ్యకుండా ఉంటుందా? వనామికి తెల్లమచ్చ రాదని నమ్మి పీతల వలలు తీసేసినవాళ్ళు, గుంటలో పెరిగిన రొయ్యనే తల్లిగా వాడిన చవక పిల్లల్ని కొన్నవాళ్ళు మళ్ళీ నష్టపోయారు.

ఆ తర్వాత ఈహెచ్‌పీ. థాయ్‌లాండ్‌లో 2009లో పేరుపెట్టిన ఈ సూక్ష్మజీవి రొయ్య తలలో కాలేయం పని చేసే భాగంలో చేరుతుంది. చంపదు, పెరగనివ్వదు. వంద రోజులు మేత పెట్టాక వల వేస్తే ఒక రొయ్య బొటనవేలంత, దాని పక్కది చిటికెన వేలంత. ధర పడిపోతుంది, మేత బాకీ అలాగే ఉంటుంది. దీని బీజాలకు మందపాటి గోడ ఉంటుంది, మట్టిలో చాలాకాలం బతుకుతాయి. శాస్త్రవేత్తలు చెప్పింది పొడిసున్నం. గుంట ఎండగట్టి, హెక్టారుకు 6 టన్నుల చొప్పున కాల్చిన సున్నం పది పన్నెండు సెంటీమీటర్ల లోతు దాకా దున్ని తడిపితే మట్టి పీహెచ్ 12కు పోతుంది, ఆ ఘాటుకు బీజాలు చస్తాయి. ఎకరాకు దాదాపు రెండున్నర టన్నులు. లీజు రైతుకు ఇది మోయలేని ఖర్చు. వచ్చే ఏడాది ఈ గుంట తనదవుతుందో కాదో తెలియనివాడు మట్టికి ఇంత సున్నం ఎందుకు పోస్తాడు? సలహా వినలేదని రైతును తప్పుపట్టే ముందు లీజు కాగితం ఎన్నాళ్ళదో అడగాలి.

రైతు నేర్చుకున్నవే కాదు, చెప్పినవి కూడా ఉన్నాయి. అమావాస్యకూ పౌర్ణమికీ రొయ్య పెంకు విడుస్తుందని, ఆ రెండు మూడు రోజులు మేత తగ్గించాలని గట్ల మీద ఎప్పటినుంచో అంటారు. పెంకు విడవడానికీ చంద్రుడి కళలకూ పోటుకూ సంబంధముందని జీవశాస్త్రం కూడా చెబుతుంది. మెత్తబడ్డ రొయ్యకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, కొత్త పెంకుకు నీటిలోంచి కాల్షియం, మెగ్నీషియం లాక్కోవాలి. ఆ రాత్రుల్లో ఏరేటర్లు ఆపకపోవడానికి అదే కారణం. వాన సంగతి కూడా అంతే. నవంబరులో వాయుగుండం వచ్చి రాత్రంతా కురిస్తే వాననీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద పలుచగా పరుచుకుని మూతలా కూర్చుంటుంది. పైన గాలి ఉన్నా అడుగుకు అందదు. పగలు మబ్బు కాబట్టి నాచు కూడా ఆక్సిజన్ చెయ్యదు. 2015 నవంబరు వరదల్లో ఈ తీరం ఎంత పోగొట్టుకుందో అందరికీ గుర్తే. అలాంటి రాత్రి గొడుగు పట్టుకుని గట్టు మీదికొచ్చి, తూముకు పైపలక మాత్రమే తీసి పై మంచినీటిని బయటికి పోనిస్తూ, ఏరేటర్లతో మిగతాదాన్ని కలుపుతూ, గట్టు చుట్టూ సున్నం చల్లుతూ నిలబడే పని పుస్తకం చదివి వచ్చేది కాదు.

ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున మళ్ళీ ఈ గట్ల మీదికి వస్తే హేచరీ వ్యాను ఆగి ఉంటుంది. ఆక్సిజన్ నింపి కట్టిన ప్లాస్టిక్ సంచులు ఒక్కొక్కటే దించి గుంట నీళ్ళ మీద తేలేస్తారు. సంచిలోని నీటి వేడి, గుంట నీటి వేడి సమానం కావాలి. అరగంట పడుతుంది. తర్వాత మూతి విప్పి గుంట నీళ్ళు కొంచెం కొంచెం కలుపుతారు, ఉప్పదనం అలవాటు కావాలి. ఒక పిల్లాడు పళ్ళెంలో కాసిన్ని పిల్లల్ని తీసుకుని వేలితో నీళ్ళు గుండ్రంగా తిప్పుతాడు. బలమైన పిల్లలు ప్రవాహానికి ఎదురీదుతాయి, నీరసమైనవి మధ్యకు చేరిపోతాయి. పక్క గుంటాయన కూడా వచ్చి వంగి పళ్ళెంలోకి చూస్తాడు. ఆయన వ్యాను ఎల్లుండి వస్తుంది.